దిక్సూచి లేని కాలంలో పసిఫిక్ దీవులకు మనుషులు ఎలా చేరారు? దారితప్పి కొట్టుకుపోయారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయి కాన్-టికీ గురించి ఎక్కడో చదివాడు. నార్వే సాహసికుడు థోర్ హెయెర్డాల్ దక్షిణ అమెరికా నుంచి పసిఫిక్ దీవుల దాకా వచ్చిన తెప్ప అది. ఇనుము లేదు, దిక్సూచి లేదు, రాత లేదు. మరి హవాయి, ఈస్టర్ ఐలాండ్, న్యూజిలాండ్ లాంటి చోట్లకు మనుషులు ఎలా చేరారు? తుఫానుల్లో కొట్టుకుపోయి చేరారా, లేక దక్షిణ అమెరికా నుంచి తెప్పల మీద వచ్చారా? వాడు అడిగాడు, మీరు ఇక్కడ అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. కొట్టుకుపోలేదు, వెతుక్కుంటూ వెళ్లారు. వెళ్లింది కూడా పడమటి నుంచి తూర్పుకు, అంటే తైవాన్, ఫిలిప్పీన్స్ వైపు నుంచి. అమెరికా నుంచి కాదు. అయితే ఆ దారిలో ఏడాదిలో ఎక్కువ కాలం ఎదురుగాలే. చాలామంది పండితులు ఈ ఒక్క సంగతి దగ్గరే ఆగిపోయారు, ఎదురుగాలికి అన్ని వేల కిలోమీటర్లు ఎలా పోతారని. నాకు మాత్రం అసలు కిటుకు అక్కడే ఉందనిపిస్తుంది.

నా గురించి రెండు మాటలు. ముప్పై ఏళ్లకు పైగా సరుకు ఓడల మీద డెక్ ఆఫీసరుగా చేసి దిగాను. జీపీఎస్ రాకముందు సెక్స్టెంట్ పట్టుకుని నక్షత్రాల ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో లెక్కగట్టిన ఆఖరి తరం మాది. ఆస్ట్రేలియా నుంచి అమెరికా పడమటి తీరానికి పసిఫిక్‌ను చాలాసార్లు దాటాను. పుట్టింది విశాఖ పక్కన ఒక జాలరి పల్లెలో. మా తాత తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. తవ్వకాలు చేసే శాస్త్రవేత్తను కాను, ఆ భాగం చదివి తెలుసుకున్నదే. సముద్రం, గాలి, చుక్కల గురించి మాత్రం సొంత అనుభవంతో చెబుతున్నాను.

గాలి సంగతి

తెప్ప వేటలో పిల్లలకు మొదట నేర్పేది చేపల గురించి కాదు, గాలి గురించి. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు గాలి తోలుతుంది, దాంతో లోపలికి పోతారు. మధ్యాహ్నానికి గాలి తిరిగి సముద్రం మీది నుంచి నేలకు వీస్తుంది, దాంతో ఒడ్డుకొస్తారు. "తీసుకుపోయే గాలి ఎప్పుడూ ఉంటుందిరా, తెచ్చే గాలి చూసుకుని దిగు" అనేవాడు తాత.

ఇప్పుడు దీన్నే పసిఫిక్ మీద పెట్టి చూడండి. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు నుంచే గాలి వీస్తుంది. బడి పుస్తకాల్లో వ్యాపార పవనాలు అంటారే, అవే. టోంగా, సమోవా దగ్గర నిలబడి తూర్పుకు పోవాలంటే ఆ గాలికి ఎదురెళ్లాలి. ఒడ్డున కూర్చుని ఆలోచించేవాడికి ఇది అసాధ్యంలా అనిపిస్తుంది. అందుకే "గాలివాటాన తూర్పు నుంచే వచ్చి ఉంటారు" అన్న ఊహ పుట్టింది.

పడవలో ఉన్నవాడి లెక్క వేరు. ముందర ఏముందో తెలియదు. గాలిని వెనక పెట్టుకుని జోరుగా పోయాను అనుకోండి. ఇరవై రోజులయినా నేల తగల్లేదు. సగం నీళ్లు, సగం తిండి అయిపోయాయి. వెనక్కి తిరిగితే ముఖాన గాలి. ఇరవై రోజుల దారి అరవై రోజులవుతుంది. చచ్చానన్నమాటే. అదే ఎదురుగాలికి మెల్లగా పోయి, ఏమీ దొరక్కపోతే పడవ తిప్పేస్తే చాలు, ఆ గాలే ఇంటికి తోసుకొస్తుంది. తెలియని సముద్రంలో ఎదురుగాలే భద్రమైన దిక్కు. న్యూజిలాండ్ పురావస్తు శాస్త్రవేత్త జెఫ్రీ ఇర్విన్ ఈ వాదనను 1992లో వివరంగా పెట్టారు. ఆయన స్వయంగా తెరచాప పడవ నడిపే మనిషి. అందుకే ఈ ఆలోచన ఆయనకు తట్టిందని నా నమ్మకం.

పైగా ఏడాది పొడవునా ఎదురుగాలే అనుకోకండి. దక్షిణార్ధగోళపు వేసవిలో తూర్పు గాలి సన్నగిల్లి, కొన్ని రోజుల పాటు పడమటి గాలి తోలుతుంది. ఎల్ నినో ఏడాదిలో అది ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో తూర్పుకు బయల్దేరితే, గాలి మళ్లీ మామూలు దిక్కుకు తిరగ్గానే వెనక్కి రావచ్చు. ఇది నా ఊహ కాదు. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తాహితికి వచ్చినప్పుడు టుపాయా అనే రయియాటియా దీవి మనిషి ఆ ఓడ ఎక్కాడు. నవంబర్ నుంచి జనవరి దాకా వానతో పాటు పడమటి గాలి వస్తుందని, తమవాళ్లు అప్పుడు తూర్పుకు పోతారని కుక్‌కు చెప్పింది ఆయనే.

ఈ లెక్క నిజమైతే దీవులు నిండిన వరుసలో అది కనిపించాలి కదా. కనిపిస్తుంది. ముందు ఎదురుగాలి దిక్కున, అంటే తూర్పున ఉన్న దీవులు నిండాయి. తర్వాత గాలికి అడ్డంగా పోతే వచ్చే హవాయి. అందరికన్నా ఆఖరున న్యూజిలాండ్. పాలినేషియా (హవాయి, ఈస్టర్ ఐలాండ్, న్యూజిలాండ్ మూడు మూలలుగా ఉన్న దీవుల ప్రాంతం) నడిబొడ్డు నుంచి చూస్తే అక్కడికి పోవడానికి గాలి వాటంగానే ఉంటుంది, తిరిగి రావడమే కష్టం. ఉన్నవాటిలో అంత పెద్ద నేల, ప్రపంచంలో మనిషి కాలుపెట్టిన ఆఖరి పెద్ద భూభాగాల్లో ఒకటి అయింది. వాళ్లు గాలికి కొట్టుకుపోయే జనమే అయితే ఈ వరుస తలకిందులుగా ఉండేది.

ఎప్పుడు, ఎక్కడి నుంచి

దీన్ని కొంచెం త్వరగా చెబుతాను, తేదీలంటే మీ అబ్బాయికి విసుగు పుట్టవచ్చు.

చాలా పాత కథ ఒకటుంది. ఆస్ట్రేలియా, న్యూగినీల్లో మనుషులు కనీసం 50,000 ఏళ్ల కిందటే ఉన్నారు. అప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా బాగా తక్కువ. అయినా ఇండోనేషియా నుంచి అక్కడికి నేల దారి ఎన్నడూ లేదు, ఎంతోకొంత నీళ్లు దాటాల్సిందే. వాళ్లు పాలినేషియన్లు కారు, ఆస్ట్రేలియా ఆదివాసులకు, పాపువా ప్రజలకు పూర్వీకులు. ఏ పడవలో దాటారో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

మీరడిగిన కథ దానికి చాలా తర్వాతిది. సుమారు 5,000 ఏళ్ల నుంచి 4,000 ఏళ్ల కిందటి మధ్యకాలంలో తైవాన్ నుంచి వరి, పంది, మట్టికుండ తెలిసిన జనం ఫిలిప్పీన్స్‌లోకి దిగారు. అక్కడి నుంచి న్యూగినీకి తూర్పున ఉన్న బిస్మార్క్ దీవులకు చేరి, క్రీ.పూ. 1300 ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన కుండలు చేయడం మొదలుపెట్టారు. పంటి దువ్వెనలాంటి దానితో అద్దిన చుక్కల నగిషీ ఉంటుంది వాటి మీద. 1952లో న్యూ కాలిడోనియాలో లపీటా అనే చోట తవ్వినప్పుడు దొరికాయి కాబట్టి ఆ జనానికి లపీటా అన్న పేరే స్థిరపడింది. సాలమన్ దీవుల దాకా ఒక దీవి నుంచి మరో దీవి కనిపిస్తూనే ఉంటుంది, లేదా కాసేపటికే కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా 350 కిలోమీటర్ల ఖాళీ. అక్కడిదాకా మనుషులు వచ్చి ఇరవై వేల ఏళ్లకు పైగా గడిచినా దాన్ని మొదట దాటింది లపీటా జనమే. వనువాటు నుంచి ఫిజీకి ఇంకో 850 కిలోమీటర్లు. మూడు నాలుగు వందల ఏళ్లలో టోంగా, సమోవా చేరిపోయారు.

ఆ కుండపెంకులతో పాటు న్యూబ్రిటన్‌లోని తలాసియా అగ్నిపర్వతపు గాజురాయి కూడా ఫిజీ దాకా దొరికింది. రాయి దానంతట అది తేలదు కదా.

తర్వాత పెద్ద విరామం. పదిహేను వందల ఏళ్లకు పైగా సమోవా, టోంగా దగ్గరే ఆగిపోయారు. ముందున్న సముద్రం మరీ వెడల్పు కావడం ఒక కారణం. పెద్ద జంటపడవ (రెండు పడవలు పక్కపక్కన కట్టినది) అప్పటికి తయారు కాకపోవడం ఇంకోటి అని నా అభిప్రాయం, దీనిమీద ఇంకా తగువులున్నాయి. ఆ తర్వాత క్రీ.శ. 1000 దాటాక తాహితి చుట్టుపక్కల దీవులు, ఇంకో రెండు వందల ఏళ్లలోపు హవాయి, ఈస్టర్ ఐలాండ్, న్యూజిలాండ్ అన్నీ నిండిపోయాయి. ఆ వేగం చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పాత పుస్తకాల్లో హవాయికి క్రీ.శ. 400 అనో 500 అనో చూస్తే గాభరా పడకండి. అప్పట్లో కార్బన్ పరీక్షతో వయసు కట్టడానికి పెద్ద చెట్ల బొగ్గును వాడేవారు. ఆ చెట్టే వందల ఏళ్ల ముసలిది కావచ్చు. 2011లో 1,434 కార్బన్ తేదీలను వడబోసి, గింజలు, చిన్న పుల్లల్లాంటి తక్కువ కాలం బతికే వాటినే నమ్మి చూస్తే తేదీలు అన్నీ మన కాలానికి దగ్గరగా జరిగాయి.

కొట్టుకుపోయినవాడు చేమదుంప తీసుకెళ్లడు

1956లో ఆండ్రూ షార్ప్ అనే ఆయన, ఇంత దూరాలు కావాలని దాటడం అసాధ్యం, దారితప్పిన పడవలే దీవులను నింపాయి అని రాశాడు. అప్పట్లో చాలామంది ఒప్పుకున్నారు కూడా.

దీనికి నాకు నచ్చిన జవాబు వంటింటి నుంచి వస్తుంది. మా వైపు తుఫానులో కొట్టుకుపోయిన పడవల కథలు ప్రతి పల్లెలోనూ ఉంటాయి. ఆ పడవలో ఏముంటాయి? నలుగురు మగాళ్లు, వల, ఒక నీళ్ల డబ్బా, గుప్పెడు చద్ది. పసిఫిక్ దీవుల్లో దిగిన పడవల్లో ఏమున్నాయో చూడండి: ఆడవాళ్లు, కోళ్లు, పందులు, కుక్కలు, చేమదుంపలు, పెండలం, అరటి పిలకలు, సీమపనస, చెరకు. సీమపనసలో అక్కడి రకాలకు చాలావాటికి గింజ ఉండదు. వేరు పిలకనే తడి ఆరకుండా, ఉప్పునీరు తగలకుండా మోసుకెళ్లాలి. బట్ట చేసుకునే నారచెట్టు ఒకటుంది, దాని బెరడును తట్టి గుడ్డ చేస్తారు. ఆ చెట్టు జన్యువులను పరీక్షిస్తే మూలం తైవాన్‌కు చేరింది. వేల ఏళ్లు, దీవి వెంట దీవి, కొమ్మ తుంచి మోసుకుపోయారన్నమాట. ఇల్లు మారేవాళ్ల సామాను ఇది.

ఇంకో రకం రుజువు లెక్కలది. 1973లో ముగ్గురు పరిశోధకులు గాలులు, ప్రవాహాల వివరాలు కంప్యూటర్‌కు ఇచ్చి లక్షకు పైగా పడవలను ఊరికే వదిలేసి చూశారు. హవాయికి, ఈస్టర్ ఐలాండ్‌కు, న్యూజిలాండ్‌కు కొట్టుకుపోయి చేరే అవకాశం దాదాపు సున్నా అని తేలింది.

వెళ్లడమే కాదు, రాకపోకలు కూడా ఉండేవి. హవాయి దీవుల్లోని కహోఓలావే రాయితో చేసిన ఒక గొడ్డలి బిళ్ల, 4,000 కిలోమీటర్ల దక్షిణాన, తాహితి దగ్గరి తువామోటు దీవుల్లో దొరికింది. ఆ రాయి ఎక్కడిదో 2007లో రసాయన పరీక్షతో తేల్చారు.

సరే, దారి ఎలా తెలిసేది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, నా పని ఇదే కాబట్టి.

చాలామంది "నక్షత్రాలను చూసి పోయేవారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చూస్తే సరిపోదు, ఎలా చూడాలో తెలియాలి. ఒక నక్షత్రం ఏడాది పొడవునా ఆకాశపు అంచున ఒకే చోట ఉదయిస్తుంది, ఒకే చోట అస్తమిస్తుంది. వేళ మారుతుంది కానీ చోటు మారదు. పైకి వెళ్లిపోయాక అది దిక్కుకు పనికిరాదు, అప్పుడు అదే చోటి నుంచి వచ్చే తర్వాతి నక్షత్రాన్ని పట్టుకోవాలి. అలా ఒక దీవికి పోవాలంటే రాత్రంతా వరసగా వచ్చే చుక్కల జాబితా నోటికి రావాలి. మైక్రోనేషియా (పడమటి పసిఫిక్‌లోని చిన్న దీవుల ప్రాంతం)లోని కెరొలిన్ దీవులవాళ్లు గులకరాళ్లను గుండ్రంగా పేర్చి పిల్లలకు ఈ పాఠం చెప్పేవారు. వాళ్ల తూర్పు దిక్కు శ్రవణ నక్షత్రం ఉదయించే చోటు.

ఇది ఎడమా కుడీ చెబుతుంది. ఉత్తరానికి ఎంత వచ్చాం, దక్షిణానికి ఎంత దిగాం అన్నది నక్షత్రపు ఎత్తు చెబుతుంది. ఒక్కో దీవికి నడినెత్తి మీదుగా పోయే నక్షత్రం ఒకటుంటుంది. స్వాతి నక్షత్రాన్ని హవాయివాళ్లు హోకులేఆ అంటారు, "సంతోషపు తార" అని. ఈ రోజుల్లో అది హవాయి పెద్ద దీవి నెత్తిమీదుగా పోతుంది. మన ఇచ్ఛాపురం నెత్తిమీదుగా పోయేది కూడా అదే, రెండూ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి మరి. ఇది నాకు తెలిసిన రాత్రి ఎంత సరదా వేసిందో చెప్పలేను. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. భూమి ఇరుసు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఎనిమిది వందల ఏళ్ల కిందట స్వాతి ఇప్పటికన్నా నాలుగు డిగ్రీలు ఉత్తరంగా పోయేది. కాబట్టి "ప్రాచీనులు స్వాతిని నెత్తిన పెట్టుకుని హవాయి కనిపెట్టారు" అని ఎవరైనా రాస్తే ఒప్పుకోకండి.

పగలు, మబ్బు పట్టిన రాత్రి చుక్కలుండవు. అప్పుడు దారి చెప్పేది అల. ఒడ్డున విరిగే కెరటం కాదు నేనంటున్నది. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల గాలి లేపిన పొడుగాటి ఉబ్బు రోజుల తరబడి దిక్కు మారకుండా వస్తూ ఉంటుంది. పైపై అలలు గాలితో పాటు మారిపోతాయి, ఇది మారదు. రెండు మూడు దిక్కుల నుంచి ఇలాంటివి ఒకేసారి వస్తే వాటిని విడదీసి గుర్తుపట్టాలి. కంటితో కాదు, ఒంటితో. మీకిది గొప్ప కోసం చెప్పినట్టుంటుంది కానీ, రాత్రి నా క్యాబిన్‌లో పడుకుని ఉంటే, పైన డ్యూటీలో ఉన్నవాడు ఓడ దిక్కు పది డిగ్రీలు తిప్పితే నాకు మెలకువ వచ్చేసేది. ఊగే తీరు మారిపోతుంది. యాభై వేల టన్నుల ఇనుము మీద నాకే తెలిస్తే, అరవై అడుగుల పడవ అడుగున పడుకున్నవాడికి ఎంత తెలుస్తుందో ఆలోచించండి.

మార్షల్ దీవులవాళ్లు దీన్ని ఒక శాస్త్రంగానే చేశారు. దీవికి తగిలి అల ఎలా వంగుతుందో, రెండు వైపుల నుంచి వంగి వచ్చిన అలలు వెనకాల ఎక్కడ కలుస్తాయో పుల్లలు కట్టి చూపేవారు. ఆ పుల్లల మధ్య గవ్వలే దీవులు. పడవలోకి తీసుకెళ్లే మ్యాప్ కాదది, ఒడ్డున కూర్చుని నేర్చుకుని వదిలేసే పాఠం.

ఇక దీవి దగ్గరపడిందని ఎలా తెలుస్తుంది? పిట్టలు. తెల్ల టెర్న్, నాడీ అనే పిట్టలు పొద్దున్నే దీవి నుంచి వేటకు బయల్దేరి సాయంత్రానికి గూటికి చేరతాయి. ఇరవై ముప్పై మైళ్ల దాకా వెళతాయి. సాయంత్రం అవి తిన్నగా ఎటు ఎగిరిపోతున్నాయో నేల అటుంది. ఏ పిట్టనైనా నమ్మితే మాత్రం మునుగుతారు. నేను కేడెట్‌గా ఉన్నప్పుడు ఓడ ముందు భాగంలో బూబీ పిట్ట ఒకటి వాలితే "సార్, నేల దగ్గర్లో ఉంది" అని పరిగెత్తుకెళ్లి చెప్పాను. మా కెప్టెన్ నవ్వి చార్ట్ చూపించాడు. దగ్గరి దీవి మూడు వందల మైళ్లు. ఆ పిట్ట మా ఓడను బస్సులా వాడుకుంటోంది. ఆ వారమంతా నాకు పేరు బూబీయే.

మబ్బులు కూడా చెబుతాయి. మిగతా మబ్బులు కదిలిపోతుంటే ఒకటి మాత్రం ఒకే చోట కూర్చుంటే దాని కింద కొండ ఉన్న దీవి ఉందన్నమాట. పల్లపు పగడపు దీవైతే మడుగు నీళ్ల పచ్చదనం మబ్బు అడుగున కనిపిస్తుంది. వీటన్నిటినీ కలిపితే పది కిలోమీటర్ల దీవి వంద కిలోమీటర్ల గురి అవుతుంది. దీవులు గుంపుగా ఉంటే ఆ గురులు ఒకదానిమీద ఒకటి పడి పెద్ద తెర అయిపోతుంది. హవాయి నుంచి తాహితికి వచ్చేవాళ్లు ముందు తువామోటు దీవుల తెరను తగులుకుంటారు. ఏదో ఒక దీవి తగిలితే చాలు, అక్కడి నుంచి దారి సులువు.

చేసి చూపించినవాళ్లు

ఇదంతా కాగితం మీది మాట అనుకునేవాళ్ల కోసం 1973లో హవాయిలో బెన్ ఫిన్నీ, హెర్బ్ కానే, టామీ హోమ్స్ ఒక సంఘం పెట్టి, 1975లో హోకులేఆ అనే జంటపడవను నీళ్లలో దించారు. రెండు పొడుగాటి పడవల మీద అడ్డదూలాలు వేసి కట్టిన 62 అడుగుల పడవ అది. నడపగలిగినవాడు హవాయిలో ఒక్కడూ మిగల్లేదు, విద్య అప్పటికే పోయింది. దాంతో మైక్రోనేషియాలోని సతావాల్ నుంచి మావ్ పియైలుగ్‌ను పిలిచారు. రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి అది. 1976 మే 1న మావీ దీవి నుంచి బయల్దేరి, పరికరం ఒక్కటీ లేకుండా జూన్ 4న తాహితిలోని పపీటే చేరారు. ఒడ్డున 17,000 మంది ఎదురుచూస్తున్నారు. దారిలో మొదట తగిలింది తువామోటుల్లోని మతైవా దీవి. తెర అన్నానే, అదే.

1978లో రెండోసారి బయల్దేరిన రాత్రే పడవ బోల్తాపడింది. సాయం తెస్తానని సర్ఫ్ బోర్డు మీద వెళ్లిన ఎడ్డీ ఐకావ్ మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాత మావ్ తిరిగొచ్చి నైనోవా థాంప్సన్ అనే హవాయి యువకుడికి విద్య నేర్పాడు. బయటివాళ్లకు నేర్పినందుకు సొంతవాళ్ల దగ్గర మాట పడ్డాడు కూడా. 1980లో నైనోవా తానే దారి చూసుకుంటూ తాహితికి వెళ్లి వచ్చాడు.

దీన్ని మరీ పెద్దది చేసి చెప్పను. ఆ పడవ ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్‌తో చేసింది. మావ్ విద్య మైక్రోనేషియాది, పాలినేషియాది కాదు. పరికరాలు లేకుండా వెళ్లొచ్చు అని ఆ ప్రయాణం రుజువు చేసింది. అచ్చంగా అలాగే వెళ్లారని కాదు. తేడా చిన్నదేం కాదు.

అసలు పడవల్లో మేకు ఉండేది కాదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, సందుల్లో సీమపనస జిగురు పెట్టేవారు. తెరచాప మన మొగలి చుట్టమైన చెట్టు ఆకుతో అల్లిన చాప. దీన్ని వెనకబాటుతనం అనుకునేవాళ్లు మన తీరంలో అలివి వల (ఒడ్డుకు గుంజే పెద్ద వల) వేసే కుట్టుపడవను చూడలేదన్నమాట. మసూలా పడవ అని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నది అదే. పలకలను కొబ్బరి తాడుతోనే కుడతారు. కెరటం కొడితే వంగుతుంది, మేకులు కొట్టిన పడవలా పగిలిపోదు. మనది ఒడ్డు దగ్గర కెరటాలు దాటడానికి, వాళ్లది సముద్రం దాటడానికి. వాళ్ల నుంచి మనం నేర్చుకున్నామనో, మన నుంచి వాళ్లు నేర్చుకున్నారనో నేను అనను.

కాన్-టికీ మాటేమిటి

థోర్ హెయెర్డాల్ ధైర్యం గురించి నాకు మారుమాట లేదు. 1947లో పెరూలోని కయావో నుంచి బల్సా దుంగల తెప్ప మీద ఆరుగురు బయల్దేరి 101 రోజులకు తువామోటుల్లోని రరోయియా తగిలారు. అయితే మొదట ఆ తెప్పను యాభై మైళ్ల దాకా నావికాదళపు టగ్ లాక్కెళ్లి వదిలింది. తాతనడిగితే "ఒడ్డు దాటడమే కష్టం, అది వేరేవాళ్లు చేసిపెట్టారా" అని నవ్వేవాడు. అమెరికా నుంచి తెప్ప రాగలదు అని ఆయన చూపించాడు. జనం అలా వచ్చారన్నది మాత్రం నిలవలేదు. భాష, జన్యువులు, పంటలు, కుండలు అన్నీ పడమటినే చూపిస్తున్నాయి.

భాష సంగతి మీ అబ్బాయికి సరదాగా ఉంటుంది. ఐదుకు మలయ్‌లో లిమా, హవాయిలో లిమా, మావోరీలో రిమా, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్‌లో డిమీ. ఆకాశం మలయ్‌లో లంగిత్, మావోరీలో రంగి, హవాయిలో లని, మడగాస్కర్‌లో లనిట్ర. మడగాస్కర్ భాషకు దగ్గరి చుట్టం బోర్నియోలో ఉందని ఓట్టో డాల్ 1951లో చూపించాడు. ఒకే కుటుంబం ఈ చివర ఆఫ్రికా దాకా, ఆ చివర ఈస్టర్ ఐలాండ్ దాకా. టుపాయా కుక్‌తో న్యూజిలాండ్ వెళ్లినప్పుడు, పుట్టిన దీవికి 4,000 కిలోమీటర్ల దూరంలో మావోరీలతో సొంత భాషలోనే మాట్లాడగలిగాడు.

అమెరికాతో సంబంధమే లేదా అంటే ఉంది, కానీ అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు అని నాకనిపిస్తుంది. చిలగడదుంప దక్షిణ అమెరికాది. తెల్లవాళ్లు రాకముందే పాలినేషియాలో పండేది, పేరు కుమారా. ఆండీస్ భాషల్లో కుమర్ అని దగ్గరి మాట ఉంది. 2020లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం క్రీ.శ. 1200 ప్రాంతంలో తూర్పు పాలినేషియన్లకు, అమెరికా ఆదివాసులకు కలయిక జరిగింది. దుంప దానంతటదే సముద్రం మీద తేలి వచ్చిందనే వాదన కూడా ఉంది. జన్యువులు అలా తేలి రావు కాబట్టి, మనుషులే తెచ్చారన్న మాటవైపే నేను. ఖాళీ సముద్రంలో ఈస్టర్ ఐలాండ్‌నే కనిపెట్టినవాళ్లకు, ఉత్తరం నుంచి దక్షిణం దాకా గోడలా నిలబడ్డ ఖండం తగలకపోతేనే ఆశ్చర్యం.

ఒక్క మాట మరచిపోకూడదు. మనం లెక్కపెట్టేది చేరినవాళ్లనే. బయల్దేరి చేరనివాళ్లు, వెనక్కి రానివాళ్లు ఎందరో సముద్రానికే తెలుసు. తెచ్చే గాలి చూసుకుని దిగినా, ఆ గాలి రాని రోజులుంటాయి. మా తాత తమ్ముడు అలాగే పోయాడు.

మన తెలుగువాళ్ల సంగతి కూడా అడుగుతారేమో. ఫిజీలో లపీటా పెంకులు దొరికే సింగటోకా ఇసుకతిన్నెల చుట్టుపక్కల మనవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లు వెళ్లింది 1903 తర్వాత, మద్రాసు నుంచి కూలి ఒప్పందాల మీద, ఆవిరి ఓడల్లో. నేను లౌటోకా రేవులో చక్కెర లోడ్ చేస్తున్నప్పుడు కలిసిన టాక్సీ డ్రైవరు తాతగారిది మన వైపే. ఆయనకు తెలుగులో మిగిలినవి పది మాటలు, అందులో ఒకటి "సముద్రం".

ఇక మీ అబ్బాయికి ఒక పని చెబుతాను, పాఠం కన్నా ఇది బాగా ఎక్కుతుంది. మే నెల నడిమధ్యలో రాత్రి తొమ్మిదింటికి విశాఖ బీచ్‌కు తీసుకెళ్లండి. నేరుగా దక్షిణాన, సముద్రం మీద, తక్కువ ఎత్తులో దక్షిణ శిలువ నిటారుగా నిలబడి ఉంటుంది. మన పెద్దలు త్రిశంకు అన్నది దీన్నే. చెయ్యి చాచి, శిలువ పై నక్షత్రానికీ కింది నక్షత్రానికీ మధ్య దూరాన్ని వేళ్లతో కొలవమనండి. తర్వాత కింది నక్షత్రం నుంచి నీటి అంచు దాకా కొలవమనండి. రెండోది మొదటిదానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఆ రెండూ సమానమైతే మీరు సుమారు 21 డిగ్రీల మీద, అంటే ఒడిశాలో బాలేశ్వర్ దరిదాపుల్లో ఉన్నట్టు. హోకులేఆ తాహితి నుంచి ఇంటికి వస్తూ హవాయి అక్షాంశం వచ్చిందని తెలుసుకునేది ఆ సమానంతోనే. ఇంకో గంటా ముప్పావు ఉండగలిగితే తల పైకెత్తమనండి, స్వాతి దాదాపు నెత్తిమీదికి వస్తుంది. మబ్బు లేని రోజు చూసుకోండి, వెళ్లేముందు టార్చ్ ఆర్పేయండి. వాడి కొలత ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే సంతోషిస్తాను.